పాత స్పోర్ట్స్ సెడాన్: తక్కువ తిరిగిన కారా, లావు ఫైలు ఉన్న కారా?

ఇన్‌లైన్_ఆరు:

నమస్కారం అందరికీ. ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ సెడాన్ ఒకటి నడపాలన్నది నాకు చాలా ఏళ్ల కోరిక. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఆరు నెలలుగా వెతికి వెతికి చివరికి రెండు బీఎండబ్ల్యూ 340ఐల దగ్గర ఆగాను. రెండూ 2016 మోడలే, ఒకే ఇంజిన్, ఒకే గేర్‌బాక్స్, ధర కూడా ఇంచుమించు ఒకటే. చిక్కు అక్కడే వచ్చింది.

మొదటిది 46,000 కిలోమీటర్లే తిరిగింది. ఒక్కరే ఓనర్. పెయింట్, సీట్లు, స్టీరింగ్ అన్నీ కొత్త కారులా ఉన్నాయి, చూడగానే మనసు లాగేసింది. కానీ ఇన్నేళ్లలో ఆయిల్ మార్చిన బిల్లులు మూడే చూపించాడు, మిగతావి ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నాడు. రెండోది 1,38,000 తిరిగింది, ఇద్దరు ఓనర్లు, ముందు బంపర్ నిండా రాళ్లు తగిలిన మచ్చలు, డ్రైవర్ సీటు అంచు నలిగిపోయింది. అయితే దాని ఓనర్ ఒక లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, మొదటి సర్వీసు నుంచి మొన్నటి బ్రేక్ ప్యాడ్ల దాకా ప్రతి బిల్లూ ఉంది. అందులో కొన్ని పెద్ద రిపేర్లు చూసి నాకు భయం వేసింది, ఇన్నిసార్లు షెడ్డుకెళ్లిన కారు రేపు నన్ను కూడా తిప్పుతుందేమోనని.

కొన్నాక కనీసం ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటాను, ఏడాదికి 12,000 కి.మీ. దాకా తిరుగుతాను, రోజూ ఆఫీసుకు ఇదే కారు. ఇంట్లో అందరూ తక్కువ తిరిగిందే తీసుకోమంటున్నారు. ఇంకో విషయం, ఇదే డబ్బుకు 2011 మోడల్ బీఎండబ్ల్యూ 550ఐ, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌ది కూడా దొరుకుతోంది, దాన్ని చూసినప్పటి నుంచి మనసు అటూ ఇటూ ఊగుతోంది. చాలాకాలం నమ్మకంగా నడవాలంటే ఏది తీసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఈ టెన్షన్‌తో రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు.

లిఫ్ట్_కింద:

బ్రదర్, నేను పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి కార్ల కిందే పనిచేస్తున్నాను. రెండో కారు తీసుకోండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు మీరు కూడా చెప్పుకోవాలి కదా.

46,000 అన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఇన్నేళ్లలో అంత తక్కువ తిరిగిందంటే చాలావరకు రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే చేసి ఉంటుంది. ఆ దూరంలో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు (కూలెంట్) కాస్త వేడెక్కుతాయి గానీ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. చల్లటి ఇంజిన్‌లోకి ఎక్కువగా చిమ్మిన పెట్రోల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది, గాలిలోని తేమ కూడా చేరుతుంది, అవి ఆవిరై పోయే అవకాశమే రాదు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో ఇది ఇంకా ఎక్కువ. పలచబడ్డ ఆ ఆయిల్‌తోనే టర్బో బేరింగు, వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైను నడవాలి. పైగా మూడే ఆయిల్ బిల్లులు! రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్లు, ప్లాస్టిక్ కూలెంట్ పైపులు కిలోమీటర్లు లెక్కపెట్టుకుని పాడవ్వవు, వయసుకూ వేడికీ గట్టిపడి పెళుసవుతాయి. అంటే 46,000 తిరిగిన కారులోనూ అవి అంతే ముసలివి, తేడా ఏమిటంటే అందులో ఇంకా ఎవరూ మార్చలేదు. ఆ మార్చే పని మీ వంతుకు మిగిలి ఉంది.

మీకు భయం వేసిన ఆ పెద్ద రిపేర్లే నాకైతే ధైర్యం ఇస్తాయి. ఫైలంటే కారు జాతకం. ప్రతి ఇంజిన్‌కూ దాని జబ్బులు దానికుంటాయి, ఆ జబ్బు ఈ కారుకు వచ్చి, ఎవరో డబ్బు పెట్టి నయం చేయించి ఉంటే, అంతకన్నా మంచి సెకండ్ హ్యాండ్ కారు దొరకదు.

340ఐలో ఉన్నది బీ58. 2015లో వచ్చిన ఇంజిన్, 3 లీటర్లు, ఒకే టర్బో, బ్లాక్ చాలా గట్టిది. దీనికి ముందున్న ఎన్54, ఎన్55 ఇంజిన్లలో కరెంటుతో తిరిగే వాటర్ పంపు ఉండేది, ముందస్తు హెచ్చరిక లేకుండా లక్ష కిలోమీటర్ల చుట్టుపక్కల చేతులెత్తేసేది. బీ58లో బెల్టుతో తిరిగే పంపు పెట్టారు. ఎన్54కైతే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, టర్బో వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే తలుపు) గరగరలు కూడా ఉండేవి. వాటితో పోలిస్తే బీ58 ఎంతో నయం. అలాగని జబ్బే లేదనుకోవద్దు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ లీకవుతుంది, వాల్వ్ కవర్ ప్లాస్టిక్‌ది కాబట్టి వేడికి వంగి చెమ్మ పడుతుంది, కొన్ని కార్లలో కూలెంట్ మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇవన్నీ నయమయ్యేవే.

ఆ ఫైల్లో నాలుగు విషయాలు వెతకండి: ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చారు, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారా లేదా, ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, స్పార్క్ ప్లగ్గులు. ఇవి రాసి ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

తెల్లవారుజాము_డ్రైవ్:

పైన చెప్పిన మాటకు నా అనుభవమే సాక్ష్యం. నాలుగేళ్ల కింద నేను తక్కువ తిరిగిన ఒక ట్విన్ టర్బో వీ8 సెడాన్ కొన్నాను. 52,000 కి.మీ., తళతళలాడే బాడీ, అడిగినదానికల్లా తియ్యటి జవాబులు. నేను వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది, పొద్దున కడిగించడానికి తీసుకెళ్లానన్నాడు, నమ్మాను. కొన్న మూడో రోజు తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పుమంది. రెండో వారానికి డాష్ మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెట్టిన మెకానిక్ చెప్పిందేమిటంటే అమ్మేముందే కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లన్నీ తుడిచేశారట.

పదమూడు నెలల్లో వాల్వ్ స్టెమ్ సీళ్లు, రెండు ఇంజెక్టర్లు, ఒక టర్బో కూలెంట్ పైపు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ డిక్కీలో పెట్టుకున్న డబ్బా తీసి ఆయిల్ పోసేవాణ్ని. కారు నడుపుతుంటే వచ్చే ఆనందం నిజమే, అది మాత్రం కాదనను, కానీ ప్రతి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు టెంపరేచర్ వైపే కళ్లు పోయేవి. చివరికి సగం ధరకు వదిలించుకున్నాను. నాకు అప్పుడు అర్థమైంది ఏమిటంటే కారు ధర ఏటేటా పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర ఎప్పటికీ కొత్త కారు లెక్కలోనే ఉంటుంది. చౌకగా దొరికిందని ఖరీదైన కారు కొంటే, ఖరీదు ఎక్కడికీ పోదు, వాయిదాల్లో వస్తుంది.

దయచేసి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్ట్ వినండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

నాలుగు_తలుపుల_వేగం:

550ఐ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 2011 మోడల్లో ఉన్నది ఎన్63. ఆ ఇంజిన్‌లో రెండు టర్బోలూ వీ ఆకారం మధ్యలో, సిలిండర్ల ఒడిలో కూర్చుంటాయి. రెస్పాన్స్ బాగుంటుంది, కానీ వేడంతా అక్కడే పోగుపడి చుట్టూ ఉన్న సీళ్లు, పైపులు, వైర్లు ఉడికిపోతాయి. ఆయిల్ తాగడం, టైమింగ్ చైను సాగడం, ఇంజెక్టర్లు, చివరికి బ్యాటరీ కూడా త్వరగా పోవడం, ఇవన్నీ దీనికి పేరుమోసిన జబ్బులు. ఎంతగా అంటే 2014 చివర్లో బీఎండబ్ల్యూనే కస్టమర్ కేర్ ప్యాకేజీ పేరుతో ఈ ఇంజిన్‌కు ప్రత్యేక కార్యక్రమం పెట్టి ఈ భాగాలను తనిఖీ చేసి మార్చాల్సి వచ్చింది, ఆయిల్ మార్చే గడువు కూడా తగ్గించింది. తర్వాత వచ్చిన వీ8లు మెరుగుపడ్డాయి గానీ మీరు చూస్తున్నది మొదటి తరం. రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషికి అది వద్దే వద్దు.

అలాగే ఒక్క మాట, 340ఐ దగ్గరే ఆగిపోవాలా అండీ? లెక్సస్ ఐఎస్350 చూశారా? టర్బో లేని 3.5 లీటర్ల వీ6, 2జీఆర్-ఎఫ్ఎస్ఈ. దాంట్లో ప్రతి సిలిండర్‌కూ రెండు రకాల ఇంజెక్టర్లు ఉంటాయి, ఒకటి నేరుగా సిలిండర్‌లోకి, ఇంకోటి ఇంటేక్ పోర్టులోకి. పోర్టులో చిమ్మిన పెట్రోల్ ఇంటేక్ వాల్వులను కడుగుతూ ఉంటుంది కాబట్టి కార్బన్ పేరుకునే బాధ తక్కువ. 340ఐలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, వాల్వులను కడిగేవాళ్లు ఎవరూ లేరు, లక్ష దాటాక ఒకసారి వాల్నట్ బ్లాస్టింగ్ (వాల్నట్ పెంకుల పొడి చిమ్మి కార్బన్ తీసే పని) చేయించాల్సి రావచ్చు. దీర్ఘకాలం అన్న మాట మీరే అన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది.

లిఫ్ట్_కింద:

ఐఎస్350 మంచి కారే, ఒప్పుకుంటాను, నమ్మకం ఒక్కటే కొలమానమైతే వాదనే లేదు. కానీ ఆయన కోరిక ఇన్‌లైన్ ఆరు, అంటే ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉన్న ఇంజిన్, ఆ తీరు వేరు. ఇష్టం లేని కారును ఎవరూ ఎనిమిదేళ్లు శ్రద్ధగా చూసుకోరు, ఇది నేను షెడ్డులో రోజూ చూసే విషయం.

ఎవరైనా ఆడి ఎస్4 పేరు ఎత్తేలోపే చెప్తున్నా, 2009 నుంచి వచ్చిన బీ8 తరం సూపర్‌చార్జ్డ్ వీ6 ఇంజిన్ బాగా గట్టిది. కానీ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్నది తీసుకుంటే దాని ఆయిల్ దాదాపు ప్రతి 60,000 కి.మీ.కూ మార్చినట్టు బిల్లు ఉండాల్సిందే, లేకపోతే గేర్లు మార్చే మెకాట్రానిక్స్ యూనిట్ దగ్గర జేబు ఖాళీ. దానికన్నా పాత ఎస్4, 4.2 వీ8, దాంట్లో టైమింగ్ చైన్లు ఇంజిన్ వెనక్కి, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి, ఆ చైన్లను పట్టి ఉంచే గైడు అరిగిందంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. శబ్దం ఎంత బాగున్నా జోలికి పోకండి.

ఇన్‌లైన్_ఆరు:

అందరికీ చాలా థాంక్స్. 550ఐ ఆలోచన ఇక్కడితో వదిలేశాను. నిన్న రాత్రంతా ఫైలు ఫోటోలు చూస్తూ రాసుకున్నాను. ఆయిల్ ప్రతి 8,000 నుంచి 10,000 మధ్య మార్చారు, ఒక్కసారి మాత్రం 14,000కు వెళ్లింది. గేర్‌బాక్స్ ఆయిల్ 92,000 దగ్గర, కింది ఆయిల్ ప్యాన్‌తో సహా. ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ 1,05,000. ప్లగ్గులు 80,000. వెనక టైర్లు కొత్తవి, ముందువి కాస్త పాతవి.

ఒక అనుమానం. డీలర్ల దగ్గర గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు అంటారు కదా, మరి ఈయన ఎందుకు మార్పించాడు? గేర్‌బాక్స్‌లో ఏదైనా తేడా వచ్చే మార్పించాడా? ఇంకోటి, ఈ కార్లను ట్యూన్ చేయించి (పవర్ పెంచేలా సాఫ్ట్‌వేర్ మార్పించి) అమ్మేటప్పుడు మళ్లీ మామూలుగా మార్చేస్తారట, అది ఎలా తెలుసుకోవాలి?

లిఫ్ట్_కింద:

అదేం లేదు, ఆ ఓనర్ తెలివైనవాడు. ఆ గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ 8హెచ్‌పీ. తయారుచేసిన జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని చెబుతుంది, కారు కంపెనీ జీవితకాలం అంటుంది. వారంటీ ముగిసేదాకా ఉండే జీవితకాలానికీ మీరు ఉంచుకునే ఏడెనిమిదేళ్లకూ పొంతన లేదు. ఫిల్టరు ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్‌తో సహా మార్చడమే సరైన పద్ధతి. ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు లెవల్ చూసి మూయాలి, ఇది తెలిసిన చోట చేయించాడంటే ఆ షెడ్డు కూడా మంచిదే. ఆ షెడ్డు నంబరు బిల్లు మీద ఉంటుంది, ఫోన్ చేసి కారు గురించి అడగండి, చాలామంది ఈ పని చెయ్యరు గానీ పది నిమిషాల్లో సగం అనుమానాలు తీరతాయి.

ట్యూన్ సంగతి. సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టేసినా చేతిపని గుర్తులు మిగులుతాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు విరిగి ఉండటం, టర్బో నుంచి ఇంజిన్‌కు వచ్చే చార్జ్ పైపు కంపెనీది కాకపోవడం, ఎగ్జాస్ట్ బోల్టుల మీద స్పానర్ గీతలు, 20,000కే ప్లగ్గులు మార్చిన బిల్లు. ఈ కారుకు ప్లగ్గులు 80,000కు మార్చారంటే ట్యూన్ చేసిన కారయ్యే అవకాశం తక్కువ, ట్యూన్ చేసినవాళ్లు అంతకాలం ఆగలేరు.

తెల్లవారుజాము_డ్రైవ్:

నాకు ఎవరూ చెప్పని ఒక విషయం మీకు చెప్తాను. కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ ఒకటి మీరే తీసుకెళ్లండి, చిన్నది చాలు. కోడ్‌లు లేవని సంతోషపడకుండా రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నది, చూడండి. కోడ్‌లు తుడిచేస్తే ఆ మానిటర్లు కూడా మొదటికొస్తాయి, మళ్లీ పూర్తవ్వాలంటే కారు కొంత దూరం రకరకాలుగా తిరగాలి. అవి అసంపూర్తిగా ఉంటే ఎవరో ఈమధ్యే తుడిచినట్టు, లేదా బ్యాటరీ తీసినట్టు. ఆరోజు నేను ఇది చూసి ఉంటే ఆ కారు కొనేవాణ్నే కాదు.

టైరు పక్కన నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. కిలోమీటర్లు నిజమా కాదా అన్నది దాంతోనూ కొంత తెలుస్తుంది. మీటరు తిప్పారన్న అనుమానం ఉంటే, ఈ కార్లలో కిలోమీటర్లు మీటరులోనే కాక వేరే మాడ్యూళ్లలోనూ తాళంలోనూ నమోదవుతాయి, తెలిసినవాళ్లు వాటిని చదివి పోల్చగలరు.

గేర్_లీవర్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. డబ్బు గురించి ఒక్క మాట. కారుకు ఎంత పెడుతున్నారో అందులో కనీసం ఆరో వంతు పక్కన పెట్టుకుని, అది ఉందన్న సంగతే మర్చిపోండి. నేను 1,10,000 దగ్గర కొన్న టర్బో సెడాన్‌ను 2,30,000 దాకా నడిపాను, ఇంకా నడుపుతున్నాను. మొదటి ఏడాది పెట్టిన ఖర్చే పెద్దది, తర్వాత నాలుగేళ్లు మామూలు కారుకు అయ్యే ఖర్చే అయ్యింది. చాలామంది బడ్జెట్ మొత్తం కారు మీదే పెట్టేసి మొదటి ఏడాదికి డబ్బు లేక, లీకు కనిపించినా తర్వాత చూద్దాంలే అనుకుంటారు. మంచి కార్లు అక్కడే చెడిపోతాయి.

ఇన్‌లైన్_ఆరు:

నిన్న ఆదివారం రెండు కార్లూ ఒకే మెకానిక్‌తో చూపించాను. ఏం జరిగిందో రాస్తున్నాను, నాలాగా వెతుకుతున్న ఎవరికైనా పనికొస్తుందని.

46,000 కారు ఓనర్‌కు ముందే చెప్పాను స్టార్ట్ చెయ్యొద్దని, మేం వెళ్లేసరికి బానెట్ వేడిగానే ఉంది. మానిటర్లలో మూడు అసంపూర్తి. టైర్లు నాలుగూ 2015వి, అంటే కారుతో పాటు వచ్చినవే, పక్కలు పగుళ్లు. కూలెంట్ కనిష్ఠ గీత కన్నా కింద ఉంది, బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది. లిఫ్ట్ ఎక్కించడానికి ఆయన ఒప్పుకోలేదు, సమయం లేదన్నాడు. అంత అందంగా ఉన్న కారును వదిలి రావడానికి నిజంగా బాధేసింది.

రెండోదాన్ని పొద్దున ఆరున్నరకు ఓనర్ నా ముందే మొదటిసారి స్టార్ట్ చేశాడు. క్షణం పాటు చిన్న టకటక వచ్చి పోయింది, తర్వాత నున్నగా నడిచింది, పొగ లేదు. మానిటర్లన్నీ పూర్తి. లిఫ్ట్ మీద చూస్తే వాల్వ్ కవర్ వెనక మూల చెమ్మ ఉంది, చుక్క పడేంత కాదు. ముందు కుడివైపు, చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్ చిరిగింది, బ్రేక్ వేస్తే స్టీరింగ్ కొద్దిగా వణకడానికి అదే కారణమట. ఈ రెండూ చూపిస్తే ఓనర్ మారుమాట లేకుండా ధర తగ్గించాడు. ఆ షెడ్డుకు కూడా ఫోన్ చేశాను, నంబరు చెప్పగానే గుర్తుపట్టి, బాగా చూసుకున్న కారండీ అన్నారు.

అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే, ఏది ముందు, ఏది తర్వాత చేయించాలి?

లిఫ్ట్_కింద:

మంచి పని చేశారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు బుష్‌లు, రెండు వైపులా కలిపి, వాటితోనే ముందు టైర్లు, వీల్ అలైన్‌మెంట్. బుష్ మార్చకుండా కొత్త టైర్లు వేస్తే నెలల్లో లోపలి అంచు అరిగిపోతుంది. అదే రోజు ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి, పాతవి ఎప్పుడు మార్చారన్న లెక్క పక్కన పెట్టి ఇవాళ్టి నుంచి మీ లెక్క మొదలుపెట్టండి. వాల్వ్ కవర్‌కు రెండు మూడు నెలలు ఆగొచ్చు, కానీ ఆ చెమ్మ కారి ఎగ్జాస్ట్ మీద పడి కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే. దాన్ని విప్పడానికి ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ ఎలాగూ తీయాలి, ప్లగ్గులు వేసి 58,000 అయింది కాబట్టి అవి కూడా అప్పుడే మార్చేస్తే రెండోసారి కూలి మిగులుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ 1,80,000 దగ్గర చూసుకోండి. కూలెంట్ లెవల్ వారానికొకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

వాల్వ్ కవర్ తీసిన రోజు లోపల రంగు ఎలా ఉందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తేనె రంగులో ఉండాలి, అప్పుడే ఆయిల్ వేళకు మార్చినట్టు.